రాయికి నీళ్లు పోయకుండా పోయినవాడు

“పోయేటప్పుడు రాయికి నీళ్లు పోసి పోయినాడా వాడు? లేదు. మరి యా దావన వస్తాడు?” అన్నాడు మా తమ్ముడు.

“బస్సులో వస్తాడు. బాగాయంలో ఎక్కితే పళ్ళికొండ, ఆడ మారితే గుడియాత్తం. దావకేం కొదవ?” అన్నాను నేను.

“ఎగతాళి వద్దక్కా. నాయిన పెట్టిన పద్ధతి ఇది.”

“నాయిన పెట్టలే. నాయినకు ముందు నుంచే ఉండాది. నాయిన పెట్టింది కోపం. అది నీకొక్కడికే వచ్చింది.”

“ఊరి నుంచి వచ్చి ఒక పూట కాలే. అప్పుడే పంచాయితీనా?”

“పంచాయితీకే వచ్చినా. తిండికి వచ్చినానని అనుకుంటివా?”

వంటింట్లో మా మరదలు ధనమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. వసారాలో నా మనవరాలు కీర్తి ఫోను మూసి ఒళ్లో పెట్టుకుంది. ఇది ప్రయాణంలో మూడో రోజు సాయంత్రం మాట. అక్కడికి ఎట్లా చేరామో మొదటి నుంచి చెబుతాను.

నేను పుట్టింది గుడియాత్తం పక్కన ఒక పల్లెలో. మెట్టింది రాయచోటి దగ్గర. మూడో తరగతి దాకా అరవ బడికి పోయాను. తెలుగు అక్షరాలు పెళ్లయ్యాక నా పిల్లల పలకల మీద నేర్చుకున్నాను. కీర్తి నా కొడుకు కూతురు, తిరుపతిలో చరిత్ర చదువుతోంది. పాత శిల్పాల్లో, పాత పటాల్లో మనుషులు ఇంటికి తిరిగి రావడం, అయినవాళ్లను కలుసుకోవడం ఎట్లా చూపించారో చూసి రాయమన్నారట వాళ్ల కాలేజీలో. “రాళ్లు చూడటానికి బస్సు చార్జీలా?” అని నేను కసిరాను. ఆ వారంలోనే ధనమ్మ ఫోను చేసింది. “వదినా, ఆయన ఇనేది మీ మాటొక్కటే. దాముని పిలిపించండి. వాని బిడ్డకు నాలుగేండ్లు వచ్చె, ఇంకా తాత గడప తెలీదు” అంది. రెండు పనులూ ఒకే దారిలో పడ్డాయి కాబట్టి బయలుదేరాను.

వేలూరు

మా వైపు ఆడవాళ్లకు బస్సులో టికెట్టు లేదు గానీ ఆధార్ కార్డు చూపమంటారు. సరిహద్దు దాటితే అరవదేశంలో కార్డు అడగరు, మొహం చూసి చీటీ చింపి ఇస్తారు. అయితే అది టౌన్ బస్సుల్లోనే. దూరపు బస్సుకు దుడ్లు పెట్టాల్సిందే.

వేలూరులో పెద్దాసుపత్రి చుట్టూ ఉన్న వీధుల్లో అన్ని దేశాల మనుషులూ కనిపిస్తారు. బెంగాలీ అక్షరాల బోర్డులు, చేపల బుట్టలు, ఆవనూనె వాసన. లాడ్జీల్లో గదితో పాటు గ్యాసు పొయ్యి, రెండు గిన్నెలు కూడా అద్దెకిస్తారు. రోగి కోసం వచ్చినవాళ్లు నెలల తరబడి ఉంటారు కదా, హోటలు తిండికి ఎవరు తాళుతారు? మేమూ పొయ్యి తీసుకున్నాం. సంతలో ముళ్ల వంకాయలు అమ్మే ఆమె కిలో నలభై చెప్పింది, ముప్పైకి బేరం చేశాను. ఆ వంకాయ తొడిమ గుచ్చుకుంటుంది గానీ నూనెలో వేస్తే వెన్నలా మగ్గుతుంది. మా రాయచోటి వంకాయకు ఆ గుణం లేదు.

పక్క గదిలో ఒక బెంగాలీ ఆమె ఉంది. ఆమె భర్తకు ఆ పొద్దు ఆపరేషన్. ఆయన్ని తీసుకుపోగానే ఊడ్చే మనిషి చీపురుతో వచ్చింది. బెంగాలీ ఆమె రెండు చేతులూ చాచి తలుపుకు అడ్డం నిలబడింది. ఊడ్చేదానికి అర్థం కాలేదు, నాకు అర్థమైంది. మనిషి బయటికి పోగానే ఇల్లు ఊడిస్తే తిరిగి రాడని మేమూ అనుకుంటాం. నేనూ పోయి పక్కన నిలబడ్డాను. “సాయంత్రం రామ్మా” అని అరవంలో చెప్పి పంపాను. ఆమె నా చెయ్యి పట్టుకుని తన భాషలో ఏదో అంది. వాళ్ల వైపు కూడా గడప దాటేటప్పుడు ‘పోతున్నా’ అనరట, ‘వస్తా’ అంటారట. కీర్తి హిందీలో అడిగి నాకు చెప్పింది.

కోటలో

కోట గుడి మండపంలో స్తంభాలు చూస్తే మెడ పట్టేస్తుంది. గుర్రాలు, సింహం మొహపు యాళులు, వాటి కాళ్ల కింద మనుషులు. కీర్తి పైకి చూడలేదు. స్తంభాల అడుగున బెత్తెడు ఎత్తు బొమ్మల వరస ముందు చతికిలబడింది. అందులో కొందరు నడిచి వస్తున్నారు, ముందు వాద్యాలు, ఎదురుగా ముగ్గురు ఆడవాళ్లు.

“దండు తిరిగి వస్తున్నట్టుంది అవ్వా” అంది.

“వచ్చేవాళ్లకు మీసాలు కూడా చెక్కినాడు. ఎదురుచూసేవాళ్లకు ముక్కులు కూడా లేవు చూడు” అన్నాను.

“అరిగిపోయుంటాయి.”

“అందరూ పూజ చేసి తాకేది వాళ్లనేనా? చెక్కేటప్పుడే తొందరపడినాడులే.”

అది నవ్వి, నా మాట రాసుకుంది. ఫోనులో మరికొన్ని చూపించింది. ఒక పటంలో రాజుగారు గుర్రం దిగుతుంటే మేడమీద నుంచి భార్య తొంగి చూస్తోంది. ఎక్కడో పరాయి దేశపు పటంలో చిరిగిన బట్టల కొడుకు మోకాళ్లమీద ఉన్నాడు, ముసలితండ్రి రెండు చేతులూ వాడి వీపు మీద వేశాడు. అదొక్కటి చాలాసేపు చూశాను. వెనక నిలబడినవాళ్ల చేతుల్లో ఒక్కరికీ నీళ్లచెంబు లేదు. ఇంత దూరం నుంచి వచ్చినవాడికి కాళ్లకు నీళ్లు ఎవరిస్తారు? వాళ్ల అమ్మ ఎక్కడ?

తర్వాత కోటలోనే ఉన్న మ్యూజియంకు పోయాం. అక్కడ వరసగా నిలబెట్టిన రాళ్లు చూడగానే నాకు మా ఇంటికి వచ్చినట్టే అనిపించింది.

మా పుట్టింటి సందు మొదట్లో, బస్సు రోడ్డు దిగే చోట, నడుమెత్తు రాయి ఒకటుంది. దానిమీద కత్తి పట్టిన మనిషి, వెనక ఆవులు, పక్కన ఆడమనిషి, ఆమె చేతిలో చెంబు. వీరప్ప అంటాం. ఎవరో తాతముత్తాత, దొంగలు తోలుకుపోయిన ఆవుల్ని తిరిగి తోలుకొచ్చాడు, భార్య కాళ్లకు నీళ్లిచ్చి ఇంట్లోకి పిలిచింది. మాకు తెలిసిన కథ అదే. మా వంశంలో ఎవరైనా ఊరు విడిచి పోయేటప్పుడు ఆ రాయికి చెంబుడు నీళ్లు పోసి “పోయొస్తా వీరప్పా” అనాలి. తిరిగి వచ్చినప్పుడు ఇంటివాళ్లు ఎవరో ఒకరు రాయి దగ్గర చెంబుతో నిలబడి కాళ్లమీద నీళ్లు పోయాలి. పెళ్లయిన రోజు నేనూ పోసే పోయాను.

మ్యూజియం రాళ్లమీద కూడా అదే మనిషి, అవే ఆవులు. కొన్నింటి మీద ఆ ఆడమనిషి కూడా ఉంది. కింద అరవంలో పలక ఉంది. నేను కూడబలుక్కుని చదివాను. ఆవుల మందను విడిపిస్తూ చచ్చిపోయినవాని రాయి అని ఉంది.

“చచ్చిపోయినాడా?” అన్నాను.

“అవునవ్వా. ఇవన్నీ అట్లా పోయినవాళ్ల కోసం ఊరివాళ్లు నిలబెట్టినవే.”

“మన రాయి ఇట్లాంటిది కాదు.”

కీర్తి పక్క రాయి దగ్గరికి జరిగింది. అది చిన్నప్పుడు మా తమ్ముడి ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ రాయి ఎక్కి కూర్చున్న పిల్ల. దానికి తెలుసు, నాకూ తెలిసిపోయింది. “ఈ మాట ఆడ అనొద్దు” అని మాత్రం చెప్పాను.

బాగాయం

మరునాడు వేలూరు అంచునే ఉన్న బాగాయంలో దాము ఇంటికి పోయాం. దాము మా తమ్ముడి ఒక్కగానొక్క కొడుకు. బోరు ఎండిపోయాక ఇంకో బోరు వేద్దామని తండ్రి, వద్దని కొడుకు. చివరికి దాము ఇళ్లు కట్టే మేస్త్రీ దగ్గర పనికి చేరాడు. ఆ మేస్త్రీ కూడా మన తెలుగువాడే, తరతరాలుగా తాపీ పని. ఆయన కూతురు సుగుణనే చేసుకున్నాడు. “దున్నే చేత్తో సిమెంటు కలుపుతావా?” అని తండ్రి అన్న మరునాడు పొద్దున్నే, చెంబు ముట్టకుండా, రాయి వైపు చూడకుండా బస్సెక్కాడు. ఆరేళ్లయింది.

అద్దె ఇల్లే గానీ గోడ పూత అద్దంలా ఉంది. సుగుణ మాకు కాళ్లకు నీళ్లిచ్చింది, తర్వాత కాఫీ ఇచ్చింది. పాప కీర్తి జడ పట్టుకుని వదల్లేదు.

“ఏమిరా, మీ నాయిన పిలిస్తేనే వస్తావా? నీకూ పౌరుషమేనా?” అన్నాను.

“పౌరుషం లేదత్తా. నిజంగా లేదు. పోయిన దీపావళికి పోయినా.”

“యాడికి?”

“ఊరికే. బస్సు దిగినా. ఎదురుగా వీరప్ప. నీళ్లు పోయకుండా పోయినోణ్ణి, ఎట్లా దాటేది? ఎదురు నీళ్లు పట్టుకోని ఎవరూ లేరు. టీ అంగట్లో కూచుని, వచ్చే బస్సుకు తిరిగొచ్చేసినా.”

సుగుణ నవ్వింది గానీ కళ్లు తుడుచుకుంది. “ఆమా, అవును పెద్దమ్మా. నేను చెప్తానే ఉండా. రాయి పక్కన మనిషి పోయేదానికి తావు లేదా, చుట్టుకోని పోదాం అని. మా వాళ్లల్లో ఇట్లాంటివి లేవు. ఈయప్ప ఇనడు.”

“చుట్టుకుని పోతే దొంగలే పోవాల” అన్నాడు దాము.

తండ్రికీ కొడుకుకీ ఒకే మాట. ఇద్దరూ ఆ రాయికి చెరోవైపు నిలబడి ఉన్నారు. ఎవరి మీద కోప్పడాలో నాకు తెలియలేదు. అప్పుడు సుగుణ ఇంకో మాట చెప్పింది. ధనమ్మ నెలకోసారి మోకాలు నొప్పి, ఆసుపత్రికి అని ఇంట్లో చెప్పి, ఇక్కడికి వచ్చి పాపను చూసుకుని పోతుందట. మా తమ్ముడు ఆ మోకాళ్లకు తైలాలు కూడా తెస్తాడట. ఆ తైలం సీసాలు రెండు సుగుణ అలమారలోనే ఉన్నాయి.

పళ్ళికొండ

మూడో రోజు పొద్దున్నే బయలుదేరాం. గుడియాత్తానికి నేరుగా పోయే బస్సులు మూడు మా ముందు నుంచి పోయాయి. నేను ఎక్కనివ్వలేదు. పళ్ళికొండ దాకా ఉచిత బస్సు ఉందని పూలమ్మే ఆమె చెప్పింది కదా అని ఎండలో నిలబెట్టాను. అది వచ్చేసరికి నిలబడటానికి కూడా చోటు లేదు. పళ్ళికొండలో దిగేసరికి కీర్తికి కళ్లు తిరిగాయి. హైవే పక్క హోటల్లో దానికి సోడా, ఇడ్లీ, మళ్లీ సోడా. మిగిలిన చార్జీ కన్నా బిల్లే ఎక్కువైంది.

“ఎంత మిగిలింది, మిచ్చం ఎంత అవ్వా?” అని ఎత్తిపొడిచింది.

“నోరు మూసుకుని తిను.”

హోటలువాడు లారీ డ్రైవర్లకు అన్ని భాషల్లోనూ వడ్డిస్తున్నాడు. మా తెలుగు విని, “రంగనాథస్వామిని చూడకుండా పోతారా? పడుకోనుండే సామి, ఆయన యాడికీ పోడు, తొందర లేదు” అన్నాడు. చూసే పోయాం. పూజారి దీపం ఎత్తి తల నుంచి పాదాల దాకా చూపిస్తాడు. కీర్తి పాదాల దగ్గర కూర్చున్న అమ్మవార్లను చూస్తూ ఉండిపోయింది. దాని పని దానిది.

మా పల్లె

గుడియాత్తంలో మగ్గాల లుంగీలు చవక. నా కొడుక్కి రెండు తీసుకున్నాను. అక్కడి నుంచి మా పల్లెకు పది నిమిషాలు.

బస్సు దిగేసరికి రాయి దగ్గర ధనమ్మ చెంబుతో నిలబడి ఉంది. నా కాళ్లమీద, కీర్తి కాళ్లమీద నీళ్లు పోసింది. ఎప్పుడూ జరిగేదే. కానీ ఈసారి నేను ధనమ్మను చూడలేదు, రాతిలో ఉన్న ఆడమనిషిని చూశాను. పసుపు పూసి పూసి ఆమె మొహం నున్నగా అయిపోయింది. చెయ్యి మాత్రం ఇంకా ముందుకు చాచి ఉంది.

ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చున్నాక మాట దాము మీదికి వచ్చింది, మీరు మొదట చదివిన గొడవ మొదలైంది. ధనమ్మ బయటికి వచ్చి, “వదిన చెప్పేది ఇనండి. నాకు ఈ వయసులో…” అంది.

“నువ్వు మాట్లాడొద్దు. నీకు మోకాళ్ల నొప్పులు కదా” అన్నాడు తమ్ముడు.

ధనమ్మ నా వైపు చూసింది.

“నాకు తెల్దనుకున్నావా? మోకాలు నొప్పి ఉండేవాళ్లు వేలూరు బస్సును అట్లా ఎగిరి ఎక్కుతారా? నేను వద్దన్నానా? తైలం కూడా తెస్తి. నువ్వు పోతే పో. వాడు రావాలంటే మాత్రం పద్ధతి ఉండాది. చెప్పకుండా పోయినోడు.”

ఆ మాటతో నాకు నోరు ఆగలేదు. అనొద్దని కీర్తికి చెప్పినదాన్ని నేనే అనేశాను.

“ఆ రాతిలో మనిషి చెప్పి పోయినాడా?”

“ఏమి?”

“ఆవుల్ని తోలుకుపోతా ఉండారని కూత ఇనపడితే, ఉండేవాడు ఉన్నట్టే కత్తి తీసుకోని పరిగెత్తినాడు. ఎవరికి నీళ్లు పోసినాడు? ఎవరికి పోయొస్తా అన్నాడు? తిరిగీ రాలే. ఆవులొచ్చినాయి, వాడు రాలే. వేలూరు కోటలో ఇట్లాంటి రాళ్లు వరసగా ఉండాయి. చచ్చినోళ్ల రాళ్లంట అవి.”

తమ్ముడు కీర్తి వైపు చూశాడు. అది తల వంచుకుని ఫోనులో ఫోటోలు తెరిచి ఇచ్చింది. ఒకటొకటిగా చూశాడు. ఫోను తిరిగి ఇచ్చి లేచాడు.

“మా తాతను సంపేసొచ్చినారా ఇద్దరూ? బస్సు చార్జీలు పెట్టుకోని పోయి?” అన్నాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి పోయాడు.

“అయ్యో వదినా, ఉండేది కూడా చెడగొడితిరే” అంది ధనమ్మ. ఇంక ఎప్పటికీ రానివ్వడు అని ఏడ్చింది. నేను ఓదార్చలేదు, ఓదార్చడం నాకు చేతకాదు. గరిటె నేను తీసుకుని పులుసు కలిపాను.

పొద్దు వాలుతుండగా కీర్తిని తీసుకుని సందు మొదటికి పోయాను. తమ్ముడు రాయి ముందు గొంతుక్కూర్చుని తువ్వాలుతో దాన్ని తుడుస్తున్నాడు. మమ్మల్ని చూసి కూడా లేవలేదు.

“కీర్తమ్మా, ఆ కోటలో రాళ్ల మీద ఆడమనిషి ఉండాదా?”

“కొన్నింటి మీద ఉంది తాతా.”

“చేతిలో ఏమి పట్టుకోనుండాది?”

“అరిగిపోయాయి. ఇది అని గట్టిగా చెప్పలేం.”

“ఇది చెంబే.” వేలు పెట్టి చూపించాడు. “ఇదో మూతి. ఇదో కడుపు. చిన్నప్పట్నుంచి చూస్తా ఉండా.”

కీర్తి వంగి, చాలాసేపు చూసి, “చెంబులాగే ఉంది తాతా” అంది. అబద్ధం చెప్పే పిల్ల కాదు అది.

“మరి వాడు చచ్చినాడంటిరే. చచ్చినోడికి చెంబు పట్టుకోని ఎందుకు నిలబడుతుంది?”

నన్నే అడిగాడని తెలిసింది. “రాలేదు కాబట్టే నిలబడింది” అన్నాను. “వచ్చుంటే నీళ్లు పోసి ఇంట్లోకి పోయుండదా? చెంబు దించేసుండదా? మీ ఇంట్లో కూడా ఒకతి ఆరేండ్లుగా నిలబడే ఉండాది. నువ్వు తైలం తెచ్చిస్తా ఉండావు.”

రోడ్డు మీద గుడియాత్తం బస్సు ఒకటి ఆగకుండా పోయింది. తమ్ముడు తువ్వాలు మడతపెట్టి, “కీర్తమ్మా, వాని నంబరు ఉండాదా నీ ఫోన్లో?” అని అడిగాడు. కీర్తి కలిపి ఇచ్చింది. ఫోను తీసుకుని చేను గట్టు మీదికి నడిచాడు. ఏం మాట్లాడాడో మాకు వినపడలేదు. ఫోను తెచ్చిచ్చి, “చార్జి అయిపోయింది దీంట్లో” అన్నాడు, అంతే.

మరునాడు పొద్దున

నేను లేచేసరికి తమ్ముడి మంచం ఖాళీగా ఉంది. ధనమ్మ ఇడ్లీ పిండి కలిపే చేత్తోనే సందు వైపు పరిగెత్తింది. మోకాళ్లు బాగానే ఉన్నాయి. మేమూ పోయాం.

తమ్ముడు రాయి పక్కన బకెట్టు, చెంబు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మొదటి బస్సులో ఎవరూ దిగలేదు. రెండో బస్సులో దాము, సుగుణ, పాప దిగారు. దాము రోడ్డు అవతలే ఆగిపోయాడు.

తమ్ముడు చెంబు ముంచి రాయి మీద పోశాడు. “ఇది వాడు పోయినదానికి వీరప్పా. అప్పుడు మరిచిపోయినాడు” అన్నాడు. మళ్లీ ముంచి రోడ్డు వైపు తిరిగాడు.

“రా.”

దాము రోడ్డు దాటి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. తండ్రి వంగి, ఆగి, “చెప్పులన్నా తియ్యరా ఎదవా” అన్నాడు. దాము చెప్పులు తీశాడు. తండ్రి వాడి కాళ్లమీద నీళ్లు పోశాడు. తర్వాత సుగుణకు ధనమ్మ పోసింది. పాప తనకూ చెంబు కావాలని పేచీ పెడితే తాత ఇచ్చాడు. అది బకెట్టులోని నీళ్లన్నీ రాయి మీదా, తాత పంచె మీదా పోసింది.

అందరం ఇంట్లోకి పోయాం. ఇడ్లీలు చాలలేదు, ధనమ్మ ఉప్మా చేసింది.